కెరటాన్ని తనలోకి రానిచ్చిన గోడ

నిలువు కాంక్రీటు గోడను ఢీకొన్న కెరటం అక్కడితో చావదు. వచ్చిన బలం దాదాపు అంతా వెంటబెట్టుకుని వెనక్కి మళ్లుతుంది. వెనకాలే వస్తున్న కెరటంతో కలిసి గోడ ముందు రెట్టింపు ఎత్తుకు లేస్తుంది. ఒడ్డును కాపాడే గోడే తన ముందున్న నీటిని మరింత కల్లోలం చేస్తుంది. పడవలకు అక్కడ నిలకడ ఉండదు. గోడ పాదం దగ్గరి ఇసుక కోసుకుపోతుంది.

ఇంజనీర్లకు ఈ సంగతి తెలుసు. ఈ అలల ఒత్తిడిని లెక్కగట్టే సూత్రాన్ని 1928లోనే ఫ్రెంచి ఇంజనీరు సాంఫ్లూ ఇచ్చాడు. అయినా 1933లో ఇటలీలోని కటానియాలో, మరుసటి ఏడు అల్జీర్స్‌లో, రేవులకు అడ్డుగా కట్టిన నిలువు గోడలు తుఫానులకు కూలాయి. దాంతో చాలామంది రాళ్ల గుట్టలవైపు మళ్లారు. ఉప్పాడ తీరంలో రోడ్డు పక్కన పోసిన బండల్ని చూసినవాళ్లకు తెలుసు, రాళ్ల సందుల్లో దూరిన నీరు సగం సత్తువ పోగొట్టుకునే బయటికొస్తుంది. కానీ లోతైన చోట రాళ్లు ఎన్ని పోసినా చాలవు. వాటి పక్కన ఓడను కట్టేయడమూ కుదరదు.

మరి గోడకే ఆ సందులు పెడితే? కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో పనిచేసిన జార్లాన్ పట్టుకున్నది ఇదే. ఆయన 1961లో ప్రచురించిన పద్ధతిలో ముందు నిండా రంధ్రాలున్న గోడ, వెనక గట్టి గోడ, మధ్యలో ఖాళీ గది ఉంటాయి. రంధ్రాల గుండా దూసుకొచ్చిన నీరు వెనక గోడను తాకి మళ్లీ అదే దారిన బయటికి పోవాలి. పోతూ వస్తూ సుడులు తిరిగి శక్తిని పోగొట్టుకుంటుంది. అసలు కిటుకు గది వెడల్పులో ఉంది. వెనక గోడ నుంచి అల పొడవులో నాలుగో వంతు దూరాన నీరు పైకీ కిందికీ కదలదు, ముందుకూ వెనక్కూ అన్నిటికన్నా వేగంగా ఊగుతుంది. రంధ్రాలు సరిగ్గా అక్కడుంటే అల పోగొట్టుకునే శక్తి ఎక్కువ. నిర్మాణాల్లో వెడల్పు ఇంకాస్త తగ్గినా పనిచేస్తుంది. సముద్రాన్ని అడ్డుకోవడం మానేసి లోపలికి రానిచ్చిన ఈ ఆలోచన నాకు ఎంతో గొప్పగా కనిపిస్తుంది.

1960లలో క్యూబెక్‌లోని బే-కోమో రేవులో ఈ గోడ నిలబడింది. 1973లో ఉత్తర సముద్రంలో, సుమారు 70 మీటర్ల లోతులో, ఎకోఫిస్క్ చమురు ట్యాంకు చుట్టూ ఇలాంటి రంధ్రాల గోడే కట్టారు.

దీనికీ హద్దుంది. 100 మీటర్ల పొడవున్న అలకు నాలుగో వంతంటే 25 మీటర్ల గది. అంతకన్నా పొడవైన అలలను పట్టే గది కట్టాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే మీ తీరానికి గోడ కడతామని ఎవరైనా వస్తే, ఎత్తూ ఖర్చూ అడగడంతో సరిపెట్టకండి. వచ్చిన కెరటంలో ఎంత భాగాన్ని అది తిప్పికొడుతుందో, ఆ తిప్పికొట్టింది ఎటు పోతుందో కూడా అడగండి.