రహీమ్ సాబ్: బడి మైదానం నుంచి ఒలింపిక్స్ దాకా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీల్లో ఆటలు చూసుకునే ఫిజికల్ డైరెక్టర్‌ను పిల్లలు 'పీడీ సార్' అంటారు. బడిలో ఇలాంటి పనే చేస్తూ దేశానికి పేరు తెచ్చిన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909–1963).

ఉస్మానియాలో బీఏ చదివి కాచిగూడ మిడిల్ స్కూల్‌లో టీచర్‌గా పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో ఆటల బాధ్యత చూశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు కోచ్‌గా ఉన్నారు.

ఆయన శిక్షణలో భారత్ 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా నాటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే.

ఆటలంటే చదువు పాడవుతుందని మన ఇళ్లలో పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని ఆపేస్తుంటాం. కానీ ఇది కూడా చదువుతో వచ్చే ఉద్యోగమే. డిగ్రీ తర్వాత బీపీఎడ్, ఆపై ఎంపీఎడ్ చేయాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం కాలేజీ పీడీ పోస్టుకు ఎంపీఎడ్‌లో 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్ అర్హత కావాలి. ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. కాలేజీల మధ్య పోటీల్లోనో, రాష్ట్ర స్థాయిలోనో ఆడిన రికార్డు కూడా అడుగుతారు. అందుకే పిల్లలు తెచ్చే ఆటల సర్టిఫికెట్లను మార్కుల మెమోలతో పాటే జాగ్రత్తగా దాచండి.