దారి చూపినవారు నడచి వచ్చిన దారి

హైదరాబాదు నగరమున కొత్త వ్యాపార సంస్థలకు ఊతమిచ్చు టీ-హబ్ నెలకొని పదియేండ్లు నిండినవి. ఆ సంస్థ నీడలో వెలసిన వ్యాపారముల సంఖ్యను గూర్చియు, వానికి సమకూరిన పెట్టుబడులను గూర్చియు, రాయదుర్గమున మిన్నంటుచున్న దాని నూతన భవనమును గూర్చియు వ్రాయువారు పెక్కురు గలరు. ఈ వ్యాసమున నేను వ్రాయబూనినది వేఱు. సంస్థ పుట్టిననాడు దాని పాలకమండలిలో కూర్చుండి దిక్కు చూపిన వ్యాపారవేత్తలు ఎచ్చటనుండి వచ్చిరి, అంతకుముందు ఎవరి కొలువున పనిచేసిరి, ఏ యిక్కట్టులకు ఎదురొడ్డి నిలిచిరి అను విషయములు తెలిసికొననిదే, ఆ సంస్థ నడవడి యెందుల కీ విధముగా రూపుదిద్దుకొన్నదో మనకు బోధపడదు. ఇరువదియేండ్లు దాటిన యువకుడొకడు ఒక యూహను మనస్సున నిడికొని పెద్దలయొద్దకు వచ్చి, తానేమి చేయవలెనని యడిగినప్పుడు, వారు చెప్పు మాటలో సగము వారి జీవితమే యుండును గదా!

2014వ సంవత్సరము జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. ఏడాదిన్నర తిరుగకమునుపే, 2015 నవంబరు 5వ తేదీన, గచ్చిబౌలిలో అందఱును ట్రిపుల్ ఐటీ యని పిలుచుకొను విద్యాసంస్థ ఆవరణమున, క్యాటలిస్ట్ అను భవనమున, సుమారు 70,000 చదరపు అడుగుల వైశాల్యములో టీ-హబ్ ప్రారంభమయ్యెను. గవర్నరు నరసింహన్ గారును, రాష్ట్ర మంత్రి తారక రామారావు గారును ఆసీనులై యుండగా రతన్ టాటా గారు ఆ సంస్థకు ప్రారంభోత్సవము గావించిరి. దాని నిర్మాణమున నొక విశేషము గలదు. ప్రభుత్వము ధనమును స్థలమును సమకూర్చియు, సంస్థను తన శాఖలలో నొకదానిగా చేసికొనక, లాభాపేక్ష లేని ప్రత్యేక కంపెనీగా నెలకొల్పి, ట్రిపుల్ ఐటీని సాంకేతిక విద్యకును, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌ను వ్యాపార విద్యకును, నల్సార్ విశ్వవిద్యాలయమును న్యాయవిషయములకును తోడు తెచ్చుకొని, పాలకమండలిలో పరిశ్రమలు నడిపినవారికి పీట వేసెను. నాటి సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శి జయేశ్ రంజన్ గారు ప్రభుత్వపక్షమున ఈ కూర్పునకు ముఖ్యులు. ధనమిచ్చినవాడే పెత్తనము సేయుట లోకములో పరిపాటియై యుండగా, అధికారులు వ్యాపారుల అనుభవమునకు చోటిచ్చి ఒకింత ప్రక్కకు జరుగుట సామాన్యమైన ఔదార్యము కాదని నా నమ్మకము.

ఈ వ్యాపారులు ఏ నేలలో పెరిగిరో మొదట చెప్పవలెను. హైదరాబాదు పరిశ్రమల చరిత్రలో ప్రభుత్వరంగ సంస్థల ఋణము మిక్కిలి పెద్దది. 1967వ సంవత్సరమున ఏ.ఎస్. రావు గారి సారథ్యమున ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, రామచంద్రాపురమున భెల్, బాలానగరమున ఔషధములు తయారుచేయు ఐ.డి.పి.ఎల్., కంచనబాగున రక్షణ పరిశోధనాలయములు — ఇవి యన్నియు వేలకొలది ఇంజనీర్లకును, రసాయనికులకును తొలి కొలువిచ్చి, పనితనమును నేర్పి, పిమ్మట వారిలో సాహసికులను బయటి ప్రపంచమునకు పంపినవి. ఐ.డి.పి.ఎల్.లో ఉద్యోగించిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించుట అందఱెఱిగినదే. ముందు కొలువు, పిదప సొంత సంస్థ అను ఈ వరుస హైదరాబాదునకు అలవాటైనది. అమీర్‌పేట మైత్రీవనమున సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు కార్యాలయము వెలసిన నాటినుండి, 1998 నవంబరున ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటివఱకు నగరమున సాఫ్ట్‌వేర్ వ్యాపారమునకు దిగినవారిలో పలువురిది ఈ దారియే.

ఆ దారిలో నడచి టీ-హబ్ పాలకమండలికి వచ్చినవారిలో అగ్రగణ్యులు బి.వి.ఆర్. మోహన్ రెడ్డి గారు. కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో యంత్రశాస్త్రము చదివి, కాన్పూరు ఐ.ఐ.టి.లో ఉన్నతవిద్య ముగించి, అటుపిమ్మట అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమునకును వెళ్లి వచ్చిన ఈ మనిషి, సొంత సంస్థ పెట్టవలెనను కోరిక యున్నవాడయ్యు తొందరపడలేదు. హెచ్.సి.ఎల్. వంటి సంస్థలలో కంప్యూటర్లు అమ్ముటెట్లో నేర్చి, ఓ.ఎం.సి. కంప్యూటర్స్ సంస్థను మేనేజింగ్ డైరెక్టరుగా నడిపి, జీతము తీసికొనువాని స్థానమునను, జీతమిచ్చువాని స్థానమునను గల కష్టసుఖములు రెండును ఎఱిగి, తుదకు 1991లో, నలువదియేండ్ల ప్రాంతమున, ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ అను సంస్థను స్థాపించిరి. 2014లో సైయెంట్ అను పేరు దాల్చినది ఆ సంస్థయే.

ఆ సంస్థ తొలినాళ్ల పని ఎట్టిదో దగ్గఱగా చూడదగినది. ఆ కాలమున టెలిఫోను, విద్యుత్తు సంస్థలయొద్ద భూగర్భమున సాగిన తీగలయొక్కయు, గొట్టములయొక్కయు పటములు, కర్మాగారములయొద్ద యంత్రభాగముల నమూనా చిత్రములు, అన్నియు కాగితములపైననే యుండెడివి. మడతలు పడి, అంచులు చినిగి, దిద్దుబాటుపై దిద్దుబాటు జరిగిన అట్టి పటమును డిజిటైజరు బల్లపై పఱచి, చేతి మీటతో గీతవెంట గీతను ముట్టుచు, ప్రతి మలుపునొద్దను ఒక బిందువును నాటుచు పోయినగాని అది కంప్యూటరులోనికి ఎక్కదు. గీత కేశమాత్రము జరిగినచో, ఎక్కడో పరదేశమున వీధి త్రవ్వువాడు తీగ లేనిచోట త్రవ్వి, ఉన్నచోట తెంపును. ఈ పనిలో మెఱుపులు లేవు. గంటలకొలది వంగి కూర్చుండు ఓర్పును, ఒకరు చేసినదానిని మఱియొకరు సరిచూచు క్రమశిక్షణయు మాత్రమే గలవు. ఆ క్రమశిక్షణ పునాదిగా వారు ఇంజనీరింగు రూపకల్పన పనులకు ఎదిగి, 2000వ సంవత్సరమున విమానపు ఇంజనులు తయారుచేయు ప్రాట్ అండ్ విట్నీ సంస్థకు ఇంజనీరింగు సేవలు అందించు స్థితికి వచ్చిరి. గీతను నమ్మకముగా గీయుదురని తెలిసిన పిమ్మటనే, ఆకాశమున నెగురు యంత్రమును నమ్మి చేతికిచ్చిరి.

టీ-హబ్ ఆరంభమైననాటికి ఈయన సాఫ్ట్‌వేరు సంస్థల సంఘమగు నాస్‌కామ్ అధ్యక్షపీఠమున నుండిరి. నవకల్పన యనగానే ధనము గుర్తుకు వచ్చు కాలములో, మొదటి కొనుగోలుదారు ఎవరని యడుగునట్టి పెద్ద ఒకరు పాలకమండలిలో నుండుట ఎంత మేలో మాటలలో చెప్పజాలము. టీ-హబ్ తన యావరణమున బల్లలు, కుర్చీలు అద్దెకిచ్చి ఊరకుండక, పెద్ద కంపెనీలను పిలిచి, వారికి తీరని సమస్యలేవో అడిగి, వానిని తీర్చగల చిన్న సంస్థలతో కూర్చుండబెట్టు పనిని మొదటినుండి ముఖ్యముగా పెట్టుకొన్నది. ఈ పద్ధతికి కారణము పాలకమండలిలో నున్నవారు కొనుగోలుదారు గుమ్మమునొద్ద చిరకాలము నిలిచినవారగుటయే యని నేను భావింతును.

పాలకమండలిలో మఱియొక సభ్యులైన శశిరెడ్డి గారి దారి దీనికి కొంత భిన్నము. ఢిల్లీ ఐ.ఐ.టి.లో చదివి, న్యూయార్కు విశ్వవిద్యాలయమున ఉన్నతవిద్య గడించి, వార్టన్ వ్యాపార విద్యాలయమున డాక్టరేటు పొందిన ఈయన, 2001లో యాప్‌ల్యాబ్స్ అను సంస్థను స్థాపించిరి. ఫిలడెల్ఫియాలో ప్రధాన కార్యాలయమును, హైదరాబాదున పనివారిలో పెక్కురును గల ఆ సంస్థ చేయు వ్యాపారము, ఇతరులు వ్రాసిన సాఫ్ట్‌వేరును పరీక్షించి తప్పులు పట్టుట. ప్రోగ్రాము వ్రాయువానికి దక్కు కీర్తి దానిని పరీక్షించువానికి దక్కదు. ఆ పనిని ఉపాంగముగా చూచు కాలమున దానినే ఒక స్వతంత్ర వృత్తిగా మలచి, 2011లో అమెరికా దేశపు సి.ఎస్.సి. సంస్థకు విక్రయించువఱకు నడిపిరి. అటుపై ఎస్.ఆర్.ఐ. క్యాపిటల్ అను సంస్థను నెలకొల్పి, బాల్యావస్థలో నున్న సంస్థలలో పెట్టుబడి పెట్టువారైరి. సంస్థను పుట్టించుట, పెంచుట, సకాలమున మఱియొకరి చేతిలో పెట్టుట అను మూడు ఘట్టములను స్వయముగా చూచినవారు మన తెలుగుదేశమున చాల తక్కువమంది. బిడ్డను అత్తవారింటికి పంపు తండ్రి మనస్సు సంస్థను విక్రయించు స్థాపకునకు గలదని వ్యాపార పాఠములలో ఎవరును చెప్పరు, చూచినవారే చెప్పవలెను.

ఇక అదే మండలిలోని సి.పి. గుర్నానీ గారు మన ప్రాంతమువారు కారు. మధ్యప్రదేశమున నీముచ్ పట్టణమున పుట్టి, రూర్కెలా ఇంజనీరింగు కళాశాలలో రసాయన ఇంజనీరింగు చదివి, హెచ్.సి.ఎల్. కూటమి సంస్థలలో చిరకాలము పనిచేసి, 2004లో మహీంద్రా వారి సాంకేతిక సంస్థలో చేరినవారు. హైదరాబాదునకు వారు వచ్చుట ఒక విపత్తువలన. 1987లో ఈ నగరమున పుట్టి, తెలుగు యువతకు అమెరికా దారి చూపి, ఇంటింటను గర్వకారణమైన సత్యం కంప్యూటర్స్ సంస్థ లెక్కలు కల్పితములని 2009 జనవరి 7వ తేదీన దాని యధ్యక్షులే ఒప్పుకొనినపుడు, యాభైవేలమందికి పైబడిన ఉద్యోగుల కుటుంబములు ఒక్క ఉదయమున నిలువుగాళ్లపై నిలిచినవి. ఆ దినములలో ఈ నగరమున నివసించినవారికి దానిని వర్ణించి చెప్పనక్కఱలేదు. పెండ్లిచూపులలో సత్యం పేరు చెప్పుకొని గర్వించిన యిండ్లలోనే ఆ పేరు చెప్పుటకు జంకు పుట్టెను. ప్రభుత్వము నియమించిన మండలి ఏప్రిల్ నెలలో సత్యంను కొనుటకు గుర్నానీ గారి సంస్థయగు టెక్ మహీంద్రాను ఎన్నుకొనగా, జూన్ నెలలో ఆయన సత్యం పగ్గములు చేపట్టి, దూరమగుచున్న కొనుగోలుదారులయొద్దకును, ధైర్యము చెదరిన ఉద్యోగులయొద్దకును వెళ్లి, నాలుగేండ్ల పిమ్మట 2013 జూన్‌లో రెండు సంస్థల విలీనము పూర్తియగువఱకు దానిని నిలబెట్టిరి.

నేను ఈ ఘట్టమును ప్రత్యేకించి చెప్పుటకు కారణమున్నది. కొత్త సంస్థలు పెట్టువారికి ఎదుగుట నేర్పువారు దొరకుదురు. కూలినదానిని లేపుట నేర్పువారు దొరకరు. లెక్కల పుస్తకమున ఒక్క అంకె అబద్ధమైనచో దానిపై కట్టిన భవనమంతయు నేలపాలగునని ఈ నగరము స్వానుభవముచే ఎఱుగును. పెట్టుబడిదారుల మెప్పునకై అంకెలు పెంచి చూపు దుర్గుణము నేటి స్టార్టప్ లోకమున లేదని అనజాలము. అట్టిచోట, ఆ శిథిలములను చేతులతో తొలగించిన మనిషి పాలకమండలిలో నుండుట సంస్థకు దొరకిన భాగ్యము.

కార్యనిర్వాహకులను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. తొలి ముఖ్య కార్యనిర్వహణాధికారి జయ్ కృష్ణన్ గారు. పిమ్మట 2019లో వచ్చిన రవి నారాయణ్ గారు బెంగుళూరున మైక్రోసాఫ్ట్ వారి స్టార్టప్ కార్యక్రమమును నడిపినవారు. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌కు డీనుగా నుండిన అజిత్ రంగ్నేకర్ గారు, పరిశోధనాలయముల ఫలితములను విపణికి చేర్చుటకై ఏర్పడిన రిచ్ అను సోదరసంస్థకు సారథ్యము వహించిరి. 2022 జూన్ 28వ తేదీన ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు గారు రాయదుర్గమున ప్రారంభించిన రెండవ భవనము సుమారు 5.8 లక్షల చదరపు అడుగుల విస్తీర్ణము గలది. ఆ మఱుసటి యేడు దాని చెంతనే నమూనా యంత్రములను తయారుచేయు టీ-వర్క్స్ వెలసినది.

పెద్దల దారి పిన్నలలో ఎట్లు ప్రతిఫలించినదో చూచుటకు ఒక్క నిదర్శనము చాలును. టీ-హబ్‌తో అనుబంధముగల స్కైరూట్ సంస్థ 2018లో స్థాపింపబడినది. దాని స్థాపకులైన పవన్ కుమార్ చందన, భరత్ డాక గార్లు ఇస్రోలో కొలువు చేసి, రాకెట్టు పనిని అచ్చట నేర్చి వచ్చినవారు. 2022 నవంబరు 18వ తేదీన శ్రీహరికోటనుండి వారి విక్రమ్-ఎస్ నింగికెగసినది. మన దేశమున ప్రైవేటు సంస్థ నిర్మించి ప్రయోగించిన తొలి రాకెట్టు అదియే. ముందు కొలువు, పిదప సొంత సంస్థ అను ఆ పాత వరుస, ఐ.డి.పి.ఎల్. నాటిది, ఇస్రో నాటికిని చెడలేదు.

ఇంతగా మెచ్చిన పిమ్మట, కొఱతను చెప్పకున్న అది అభిమానము కాజాలదు. పైన పేర్కొన్న పాలకమండలి వ్యాపారవేత్తలందఱును పురుషులు, అందఱును ఇంజనీర్లు, అందఱును సాఫ్ట్‌వేరునో దాని చుట్టమునో నమ్ముకొన్నవారు. మహిళా వ్యాపారవేత్తల కొఱకు 2018 మార్చి 8వ తేదీన వీ-హబ్ ప్రత్యేకముగా ఏర్పడుట సంతోషకరమే. కాని వేఱొక యింటిలో పీట వేయుటయు, పెద్ద పాలకమండలిలో సరిసమానముగా పీట వేయుటయు ఒకటి కావు.

చేతిపనివారి అనుభవమునకు ఆ బల్లచెంత చోటు లేమియను రెండవ కొఱత ఇంతకంటె లోతైనది. 2017వ సంవత్సరమున మోహన్ రెడ్డి గారికి పద్మశ్రీ వచ్చినది. అదే జాబితాలో ఆలేరు ప్రాంతమున శారాజీపేట గ్రామమునకు చెందిన చింతకింది మల్లేశం గారి పేరును గలదు. ఆఱవ తరగతితో చదువు మానిన చేనేత కుటుంబీకుడాయన. తల్లి లక్ష్మమ్మ గారు ఆసు పోయుచుండగా చూచి పెరిగినవాడు. ఆసు పోయుటకు ఒకవైపు ఒంటిమేకు, ఎదుట అర్ధచంద్రాకారమున వరుసగా దిగగొట్టిన మేకులు. దారమును పట్టుకొని చేతిని ముందుకు చాచి, వెనుకకు లాగి, ఒక్కొక్క మేకునకు చుట్టుచు, ఒక పోచంపల్లి చీరకై దాదాపు తొమ్మిదివేల పర్యాయములు చేయి ఆడింపవలెను. ఆమె భుజపు నొప్పిని చూడలేక, చేతికందిన మోటార్లు, చెక్కలు, ఇనుపముక్కలు కూర్చి, యేండ్లకొలది తంటాలుపడి, 1999లో తల్లి పేరుననే లక్ష్మీ ఆసు యంత్రమును పూర్తిచేసెను. అప్పులవారి మాటలను, ఇరుగుపొరుగువారి ఎగతాళిని ఓర్చుకొని చేసిన ఆ పనియందు కొనుగోలుదారు ఎవరన్న ప్రశ్నకు సమాధానము తన యింటిలోనే, తల్లి భుజమునందే యుండినది.

మోహన్ రెడ్డి గారి పదియేడేండ్ల కొలువును, మల్లేశం గారి యేండ్ల తరబడి యత్నమును ఒకే గదిలో, ఒకే బల్లచుట్టును కూర్చుండి పిన్నలకు వినిపించు ఏర్పాటు రెండవ దశాబ్దమున జరుగవలెనని నా విన్నపము. సిరిసిల్ల మరమగ్గముల మెకానిక్కు, నిజామాబాదు పసుపు మార్కెట్టున తూకము తెలిసిన వ్యాపారి, వరంగల్లు ఆసుపత్రిలో పనిముట్టు లేక చేతితో పని గడుపుకొను నర్సు — వీరికి తెలిసిన సమస్యలు రాయదుర్గపు మేడలకు వాటంతట అవి ఎక్కి రావు. 2025లో మంగళగిరిలో రతన్ టాటా పేర నవకల్పనా కేంద్రము ప్రారంభించిన ఆంధ్రప్రదేశమువారికిని నా మనవి ఇదియే: పాలకమండలి సభ్యుల పట్టిక వ్రాయునపుడు, కంపెనీల పేర్లకు ప్రక్కన, వారు తొలిజీతము ఎక్కడ తీసికొనిరో, ఏ పనిని తమ చేతులతో చేసిరో ఒక గడి పెట్టి వ్రాయింపుడు.