బాపు మ్యూజియం, విజయవాడ

విజయవాడ బందరు రోడ్డులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల. విక్టోరియా రాణి సింహాసనారోహణ స్వర్ణోత్సవ స్మారకంగా 1887లో ఈ భవనానికి శంకుస్థాపన జరిగింది. 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశాల సందర్భంలో పింగళి వెంకయ్య తాను రూపొందించిన జాతీయ జెండాను గాంధీజీకి చూపింది ఇక్కడేనని ప్రసిద్ధి. వెంకయ్య స్వగ్రామం భట్లపెనుమర్రు, నాట్యానికి పేరొందిన కూచిపూడి ఉన్న మొవ్వ మండలంలోనిదే. నాట్యం కోసం కూచిపూడికి వచ్చేవారు భట్లపెనుమర్రునూ ఈ మ్యూజియాన్నీ తప్పక కలుపుకోవాలి.

1962 నుంచి భవనం మ్యూజియంగా ఉంది. అల్లూరులో దొరికిన తెల్ల సున్నపురాతి బుద్ధవిగ్రహం ఇక్కడి సేకరణలో అపురూపమైనది. సున్నపురాయి మెత్తనిది; వాన, పొగ, డెల్టా తేమ దాని చెక్కడాన్ని నెమ్మదిగా అరగదీస్తాయి. అందుకే అటువంటి శిల్పాలకు నీడ, గాలి, తాకనివ్వని దూరం అవసరం. పునరుద్ధరణ తరువాత 2020లో మ్యూజియాన్ని ప్రస్తుత పేరుతో తిరిగి తెరిచారు.