తడి, నిరోధం, ప్రాణరక్షణ

1827లో జర్మనీ దేశీయుడైన గేయార్గ్ ఓమ్ ఒక చిన్న సూత్రాన్ని ప్రకటించాడు. వోల్టేజి హెచ్చిన కొద్దీ విద్యుత్ప్రవాహం హెచ్చుతుంది. నిరోధం హెచ్చిన కొద్దీ తగ్గుతుంది. హైదరాబాదుకు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాలలో ఈ సూత్రం ఎట్లు వర్తించినదో పరిశీలిద్దాము.

నగరంలో హుస్సేన్ సాగర్ విద్యుత్కేంద్రం 1920లో నెలకొన్నది. తరువాతి దశాబ్దాలలో తీగలు ఊరి వెలుపలికి సాగినవి. నాచారంలో పరిశ్రమలు వెలసినవి. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉప్పల్ రహదారి మీద ఉన్నది. భూగర్భజలాన్వేషణకు ఇట్టి సంస్థలు వాడే పద్ధతి ఒకటున్నది. నేలలోనికి విద్యుత్తును పంపి నిరోధాన్ని కొలుస్తారు. గట్టి రాతిలో నిరోధం ఎక్కువ; తడి పొరలో తక్కువ. ఆ భేదమే నీటి జాడను తెలుపుతుంది.

మానవదేహమూ ఇట్టిదే. పొడి చర్మపు నిరోధం లక్ష ఓములకు చేరవచ్చు. తడిసినచో వెయ్యికి దిగవచ్చు. మన ఇండ్లలోని 230 వోల్టుల విద్యుత్తు మొదటి స్థితిలో సుమారు 2 మిల్లీ ఆంపియర్లను, రెండవ స్థితిలో 230 మిల్లీ ఆంపియర్లను దేహంలో ప్రవహింపజేస్తుంది. మిల్లీ ఆంపియరు అనగా ఆంపియరులో వెయ్యవ వంతు. అమెరికాలో చార్లెస్ డాల్జియెల్ జరిపిన ప్రయోగాలలో సుమారు 16 మిల్లీ ఆంపియర్లకే సగటు పురుషుడు పట్టుకున్న తీగను వదలలేకపోయాడు. స్త్రీలకు ఆ హద్దు ఇంకను తక్కువ. అంతకు కొన్ని రెట్లు గుండె గుండా పోయినచో దాని లయ చెడి ప్రాణం పోవచ్చు. వోల్టేజి మారలేదు, చేయి తడిసినది, అంతే.

అయితే పొడి చర్మాన్ని నమ్ముకొనరాదు. వోల్టేజి మిక్కుటమైనచో చర్మం చిట్లి నిరోధం కూలిపోతుంది. గాలి సహితం అడ్డు నిలువలేదు. ఉప్పల్ దాటిన తరువాత వరంగల్ రహదారిపై కేంద్ర విద్యుత్ పరిశోధనా సంస్థకు చెందిన ప్రయోగశాల ఉన్నది. 1993లో వెలసిన ఆ శాలలో 12 లక్షల వోల్టుల వరకు పరిశోధనలు సాగుతవి. అచట నియమాలున్నవి, దూరాలున్నవి. వీధిలో అవి లోపించినప్పుడు ఏమగునో 2025 ఆగస్టులో ఉప్పల్ చెంతనున్న రామంతపూర్‌లో తెలిసినది. కృష్ణాష్టమి రథయాత్రలో రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు మరణించినారు.

ఈ సూత్రమే రక్షణోపాయాన్నీ చూపుతున్నది. యంత్రాల లోహపు తొడుగులను భూమికి కలపడం దారితప్పిన విద్యుత్తుకు నిరోధం తక్కువైన మార్గం చూపుటకే. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీరు పోయడం నేల నిరోధాన్ని తగ్గించుటకే. 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పగానే సరఫరాను తెంచే సాధనాన్ని ప్రతి ఇంటా అమర్చుకొనడం మంచిది. విద్యుద్ఘాతానికి గురైనవారిని చూచినచో ముందు సరఫరాను ఆపవలె; ఆ పిదపనే వారిని తాకవలె. పైతీగల విషయంలో అదీ చాలదు. దూరముననే నిలిచి, విద్యుత్ శాఖకు కబురు చేయవలె.