ముగ్గు చుక్కల్లో వజ్రాల లెక్క

"నాలుగు వర్గం పదహారు" అని పిల్లవాడు గడగడా అప్పజెబుతాడు. వర్గమంటే ఏమిట్రా అని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తాడు. అప్పుడు నాకు పరిటాల గుర్తొస్తుంది.

నందిగామ నుంచి బెజవాడ వచ్చే దారిలోని ఈ ఊరు ఒకప్పుడు వజ్రాలకు పేరు. చుట్టూ ఇంగ్లీషువారి సీమ అయినా, ఆ వజ్రాల కోసమే నిజాం దీన్ని వదులుకోలేదంటారు. 17వ శతాబ్దంలో దక్కను గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అలాంటి గని ఊళ్ళో చెట్టుకింద కూర్చునే వర్తకుల పిల్లల్ని గురించి 1676లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. పదేళ్ళు మొదలు పదహారేళ్ళ దాకా వయసు. ఒక పక్క తూకపురాళ్ళ సంచి, మరో పక్క డబ్బు సంచి. వచ్చిన వజ్రాన్ని చేతులు మార్చుకుని చూసి, బేరమాడి కొనేవారట!

పెద్ద రాయికి ధర కట్టే సూత్రం కూడా ఆయనే చెప్పాడు. బరువును అదే బరువుతో హెచ్చవేసి, ఒక క్యారెట్ ధరతో గుణించాలి. అంటే 12 క్యారెట్ల రాయికి 12 రెట్లు కాదు, 144 రెట్లు!

రాయి చూడనివాడికి సూత్రం వట్టి మాట. సూత్రం తెలియనివాడు కొత్త రాయికి ధర కట్టలేడు. రెండూ కావాలి, అయితే రాయి ముందు.

మనకు వజ్రాలెక్కడివంటారా? వాకిట్లో ముగ్గుందిగా! నాలుగు వరసలు, వరసకు నాలుగు చుక్కలు పెట్టించి లెక్కపెట్టించండి. ఎనిమిదేసి అయితే ఎన్నో, పెట్టకముందే చెప్పమనండి. చెప్పాడా, వర్గం వాడి సొంతమైనట్టే.