ఏడు జలపాతాల బాట, మన పెద్దల చీటీ

వకోవా నుండి బస్సెక్కి హెన్రియెట్టా గ్రామంలో దిగి, చెరుకు తోటల మధ్య బాట పట్టి కొంతసేపు నడిస్తే, నేల ఒక్కసారిగా విరిగిపోయినట్లు ఒక లోయ కనబడుతుంది. ఆ లోయలోనికి తామరెన్ నది మెట్లు మెట్లుగా దూకుతుంది. క్రెయోల్‌లో వీటిని సెత్ కాస్కాద్, అనగా ఏడు జలపాతాలు అంటారు. మొత్తం దిగుడు సుమారు 293 మీటర్లు. పేరుకు ఏడే గాని చిన్న దూకుళ్ళను కూడ లెక్కపెట్టేవారు పదకొండు వరకు చెబుతారు. ఏడుకొండలవాడి భక్తులం కనుక మనం ఏడే అని ఉంచుకుందాం. ఇంగ్లీషులో వీటి పేరు టామరిండ్ ఫాల్స్. తెలుగులో చెప్పుకుంటే చింతపండు జలపాతాలు! చింతపండు లేనిదే చారు కాచని మన తల్లులకు ఈ పేరు నచ్చే ఉండాలి.

మన ద్వీపం అగ్నిపర్వతం వల్ల పుట్టినదని బడిలో అందరం చదువుకున్నాం. లావా పొరలు పొరలుగా పారి గట్టిపడింది. నది మెత్తని పొరను త్వరగా కోస్తుంది, గట్టి పొర దగ్గర ఆగి దూకుతుంది. అందుకే ఇన్ని మెట్లు.

ఇక్కడ నడక విశేషమేమిటంటే, వెళ్ళిన దారినే తిరిగి రానక్కరలేదు. పై అంచు నుండి దిగి, మడుగుల పక్కగా బండల మీద నది దాటి, అవతలి గట్టున పైకెక్కి, మళ్ళీ చెరుకు తోటల గుండా బయలుదేరిన చోటికే చేరవచ్చు. అన్ని జలపాతాలు చూసి రావడానికి నాలుగైదు గంటలు పడుతుంది. దారి తెలిసిన మనిషి వెంట లేకుండా దిగరాదు. బండలు జారుతాయి. పైన పీఠభూమిలో వాన పడితే కింద నీరు చూస్తుండగానే పెరుగుతుంది. ఇక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలు కలవు.

చుట్టు తిరిగి మొదటి చోటికే రావడం మనవారికి కొత్త సంగతి కాదు. విశాఖపట్నం దగ్గర సింహాచలంలో ఆషాఢ మాసంలో గిరిప్రదక్షిణ జరుగుతుంది. కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు భక్తులు కాలినడకన తిరుగుతారు. ఆ సింహాద్రి అప్పన్న పూజను మన పూర్వీకులు ఓడలో వెంట తెచ్చుకొన్నారు. నేటికీ మనం చేసుకుంటున్నాం. విశాఖ, కాకినాడ, కోరంగి రేవుల వైపు నుండి వచ్చినవారిలో ఆ కొండ చుట్టు నడిచినవారు ఉండకపోరు. కోరంగి పేరే కదా ఇక్కడ మనకు ఇంటిపేరులా అంటుకొని, తెలుగువారందరూ కోరంగీలు అయ్యారు! 1839 నవంబరు తుఫానులో ఆ రేవు ధ్వంసమైంది గాని పేరు మాత్రం మన ద్వీపంలో బ్రతికింది.

అటువంటివారు ఈ దేశానికి వచ్చిన తర్వాత ఎంత దూరం నడవగలిగారు? ఒకసారి నా తరగతి పిల్లలకు ఈ జలపాతాల పటం చూపిస్తున్నప్పుడు ఒక అబ్బాయి అడిగాడు: “టీచర్, తోటల్లో పనిచేసిన తాతలు ఆదివారం ఇక్కడికి వచ్చేవారా?” ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే చరిత్ర కొంచెం విప్పాలి.

ఈ లోయలలోకి మనకంటే ముందు వచ్చినవారు వేరు. ఫ్రెంచివారి పాలన 1715 నుండి 1810 వరకు సాగింది. ఆ కాలంలో ఆఫ్రికా నుండి, మడగాస్కర్ నుండి తెచ్చిన బానిసలు తోటల నుండి పారిపోయి నైరుతి దిక్కు అడవులలో, బ్లాక్ రివర్ లోయలలో దాగేవారు. వారిని మారోన్లు అన్నారు. వారిని వేటాడడానికి మనుషులను పంపేవారు. జలపాతం హోరు, దట్టమైన చెట్లు, ఎక్కడానికి కష్టమైన గట్లు అన్నీ వారికి రక్షణ. మనం నేడు ఫోటోలు తీసుకునే అందమే వారికి దాపరికం.

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. దానికి ముందే, 1834లో, అట్లాస్ అను ఓడలో 36 మంది భారతీయ కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. తరువాత లక్షల మంది వచ్చారు. ఒప్పందం ఐదేండ్లు, జీతం నెలకు ఐదు రూపాయలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. దానిని డబుల్ కట్ అనేవారు. ఆదివారం సెలవు అని పేరే గాని, ఉదయం పశువుల పని, తోట శుభ్రం చేసే పని ఉండనే ఉండేది.

ఐదేండ్లు ముగిసినవాడు స్వేచ్ఛగా తిరగవచ్చు కదా అని పాఠకులు అనుకొందురు. అక్కడే అసలు కథ ఉంది. ఐదేండ్లు పూర్తి చేసినవానిని పాత వలసదారుడు అన్నారు. 1867 చట్టం ప్రకారం అతడు తన ఫోటో అంటించిన చీటీని ఎల్లప్పుడు దగ్గర ఉంచుకోవాలి. పైగా తాను ఉండే జిల్లా పోలీసు దగ్గర మరొక చీటీ తీసుకోవాలి. అందులో ఇల్లు, పని రాసి ఉండాలి. అది చూపలేకపోతే దిమ్మరి అని పట్టుకొనేవారు. దిమ్మరులకు గ్రాండ్ రివర్ నార్త్ వెస్ట్‌లో ప్రత్యేకంగా ఒక డిపో ఉండేది. ఆ ఏడాదే మలేరియా మహమ్మారి దేశమంతా వేల ప్రాణాలు తీసింది. ఆ దుఃఖంలో ఉన్నవారి మీద పడిన చట్టమిది.

ఇప్పుడు పటం చూడండి. హెన్రియెట్టా ప్లేన్స్ విల్హెమ్స్ జిల్లాలో ఉంది. నది పోయి కలిసే తామరెన్ తీరం బ్లాక్ రివర్ జిల్లాలో ఉంది. మనం చుట్టు నడకగా, సరదాగా తిరిగే ఈ ప్రాంతంలో చీటీ లేని కూలీకి జిల్లా హద్దు దాటడమే నేరం. చీటీ ఉన్నా సరే, ఎందుకు వచ్చావు అని అడిగితే “నీళ్ళు చూడడానికి” అన్న జవాబు ఏ పోలీసు ఒప్పుకొని ఉంటాడు? ఆ అబ్బాయికి నేను చెప్పిన జవాబు ఇదే.

దీనికి ఎదురు నిలిచినవారు లేకపోలేదు. అడోల్ఫ్ దె ప్లెవిట్జ్ అను జర్మన్ మూలాలుగల తోట నిర్వాహకుడు, రాజరత్నం ముదలియార్ సహాయంతో పాత వలసదారుల మహజరు తయారు చేశాడు. 1871లో 9,401 మంది దానిపై సంతకాలు, వేలిగుర్తులు పెట్టారు. అది గవర్నరు ఆర్థర్ గోర్డన్ చేతికి చేరింది. తోట యజమానులు మండిపడ్డారు. పోర్ట్ లూయీ వీధిలోనే దె ప్లెవిట్జ్‌ను కొట్టారు. అయినా 1872లో రాజ విచారణ సంఘం వచ్చింది. ఫ్రెర్, విలియమ్సన్ అను ఇద్దరు కమిషనర్లు తోటలు తిరిగి, కూలీల మాట విని, 1875లో నివేదిక ఇచ్చారు. దిమ్మరుల పేరిట జరిగిన వేట ఎంత అన్యాయమో అందులో బయటపడింది. 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. ఒక్క దెబ్బతో అంతా మారలేదు గాని, పెద్దల నోట ఫిర్యాదు కాగితం మీదికెక్కడం అదొక గొప్ప విషయమే. చదువు రాని వేలిగుర్తు కూడ లెక్కలోకి వచ్చింది.

ఈ చట్టాల వల్ల ఇంకొకటి మిగిలింది. అది తలచుకొన్నప్పుడల్లా నాకు చేదుగా ఉంటుంది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ భాండాగారంలో వలస రికార్డులు, కూలీల ఫోటోలు భద్రంగా ఉన్నవి. నేడు మనం ముత్తాత ముఖం చూడాలని, ఓసీఐ కార్డుకు ఆధారం కావాలని అక్కడికి వెళతాం. ఫోటో దొరికితే కళ్ళు చెమర్చుతాయి. ఫ్రేము కట్టి పూజగదిలో పెడతాం. కాని ఆ ముఖాలను ఎందుకు ఫోటో తీశారో మన పిల్లలకు చెబుతున్నామా? ఆనాడు ఫోటో తీయించుకోవడం ఆ మనిషి కోరిక కాదు. నడిచిపోతే పట్టుకోవడానికి తీసినది. ఆ చూపులో నవ్వు లేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. ఫ్రేము వెనుక ఈ సంగతి రెండు వాక్యాలైనా రాసి ఉంచాలని నా అభిప్రాయం.

జలపాతాల నీరు కూడ పనిచేయక తప్పలేదు. పైన జలాశయం కట్టి, ఆ నీటిని గొట్టాలలో దించి విద్యుత్తు తీస్తున్నారు. తరువాత అదే నీరు పడమటి ఎండు నేలల చెరుకుకు పోతుంది. అందుకే కొన్ని రోజులలో జలపాతం పలుచగా కనబడుతుంది.

వెళ్ళదలచినవారు మే నుండి అక్టోబరు లోపల, వానలేని రోజు చూసుకొని వెళ్ళండి. పొద్దున్నే బయలుదేరి, తినడానికి గాతో పిమాలు, తాగునీరు వెంట తీసుకోండి. తిరిగి పైకెక్కిన తర్వాత చెరుకు తోటల్లో గుట్టలుగా పోసిన నల్లరాళ్ళు కనబడతాయి. చెరుకు నాటడానికి ముందు నేల నుండి ఆ రాళ్ళు చేత్తో ఏరి పేర్చినది మన కూలీలే. పిల్లలతో వెళ్ళినవారు అక్కడ కాసేపు ఆగండి. ఒక రాయిని లేపి చూడమనండి. బస్సుకు తొందరపడకండి, గ్రామం అక్కడికి దగ్గరే.