కాలు తీసినా తగ్గని ఆర్‌పీఎం: ఒక పాత పికప్ నేర్పిన చరిత్ర

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక పాత పికప్ ట్రక్ ఉంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసినా దాని ఇంజిన్ ఊరుకోదు. ఒకసారి 1,000 ఆర్‌పీఎం, మరుక్షణం 2,000, మళ్లీ 1,000. నిలబడి ఉన్న బండి ఆయాసపడుతున్నట్టు ఊగుతూ ఉంటుంది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రాజెక్ట్ పని మీద కొన్నాళ్లు టెక్సాస్‌లో ఉన్నాను. అక్కడ బండి లేకపోతే పాలు కూడా తెచ్చుకోలేం. చేతిలో డబ్బులు తక్కువ. అందుకే 1990ల మొదట్లో తయారైన నాలుగు సిలిండర్ల పికప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. వయసులో నాకంటే పెద్దది.

ఒక సాయంత్రం స్టాప్ సైన్ దగ్గర ఆగాను. ఆటోమేటిక్ గేర్, కాలు బ్రేక్ మీదే ఉంది. ఇంజిన్ ఒక్కసారిగా లేచి బండిని ముందుకు తోసింది. ఎదురుగా ఒక పెద్దావిడ రోడ్డు దాటుతున్నారు. బ్రేక్ గట్టిగా తొక్కాను, బండి ఆగింది. ఏమీ కాలేదు. కానీ ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. బండి సంగతి తేల్చాల్సిందే అని ఆ రాత్రే అనుకున్నా.

ముందు ఒక షాపుకి తీసుకెళ్లాను. సెన్సర్ మార్చారు, డబ్బులు తీసుకున్నారు, జబ్బు అలాగే ఉంది. తర్వాత నేనే వీడియోలు చూసి ఐడిల్ స్క్రూ తిప్పాను. ఆర్‌పీఎం తగ్గింది. హమ్మయ్య అనుకున్నా. మర్నాడు పొద్దున బండి స్టార్టే కాలేదు. ఒకచోట బగ్ ఉంటే ఇంకోచోట ప్యాచ్ వేశానన్నమాట.

అప్పుడు నాకు అర్థమైంది ఒకటే. ఈ ఇంజిన్ ఏ కాలంలో పుట్టిందో తెలియకుండా దీని జబ్బు తెలియదు. అందుకే ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం.

బేసిక్ విషయం ముందు చెప్పేస్తా. పెట్రోల్ ఇంజిన్ ఎంత వేగంగా తిరగాలో ప్రధానంగా నిర్ణయించేది లోపలికి వెళ్లే గాలి. మనం యాక్సిలరేటర్ తొక్కితే థ్రాటిల్ అనే పళ్లెం తెరుచుకుంటుంది. కాలు తీస్తే మూసుకుంటుంది. పూర్తిగా మూసుకుంటే ఇంజిన్ ఆగిపోతుంది కాబట్టి, పక్క నుంచి కొంచెం గాలి వెళ్లే దారి ఒకటి ఉంచుతారు. అదే ఐడిల్. కాబట్టి ఐడిల్ ఎక్కువగా ఉందంటే, ఇగ్నిషన్ టైమింగ్ తప్పు లేనంతవరకు, ఎక్కడి నుంచో గాలి ఎక్కువ వస్తున్నట్టే. మరి ఆ కాస్త గాలి ఎంత ఉండాలో నిర్ణయించేది ఎవరు? వందేళ్లకు పైగా ఈ అధికారం చేతులు మారుతూ వచ్చింది.

మొదట ఆ అధికారం మనిషిది. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, అదే ఏడాది హంగరీలో దోనాత్ బాంకీ, యానోష్ చోంకా, పెట్రోల్‌ని సన్నగా చిమ్మి గాలిలో కలిపే కార్బురేటర్‌కి రూపం ఇచ్చారు. తర్వాత దశాబ్దాల పాటు ఐడిల్ అంటే ఒక స్క్రూ. మెకానిక్ చెవి పెట్టి విని తిప్పేవాడు. చలికి చోక్ లాగడం డ్రైవర్ పని. మన ఇంట్లో నాన్న పాత బైక్ చోక్ లాగి కిక్ కొట్టేవాళ్లు చూడండి, అదే. తర్వాత ఆ పని కూడా ఒక లోహపు స్ప్రింగ్‌కి అప్పగించారు. వేడెక్కితే స్ప్రింగ్ మెలి మారుతుంది, చోక్ దానంతట అదే తెరుచుకుంటుంది.

తర్వాత పొగ వచ్చింది. 1943 జూలైలో లాస్ ఏంజలెస్ మీద కళ్లు మండే పొగమంచు కమ్మేసింది. యుద్ధ కాలం కదా, శత్రువులు విషవాయువు వదిలారని కూడా కొందరు భయపడ్డారు. 1950ల మొదట్లో కాల్‌టెక్ శాస్త్రవేత్త హాగెన్-స్మిత్ అసలు కారణం చూపించాడు. బండ్ల నుంచి, రిఫైనరీల నుంచి వచ్చే వాయువుల మీద ఎండ పడితే ఆ పొగ తయారవుతోంది. అంటే శత్రువు ఎక్కడో లేడు, ఇంటి ముందు పార్క్ చేసి ఉన్నాడు.

1970 డిసెంబర్ 31న అధ్యక్షుడు నిక్సన్ క్లీన్ ఎయిర్ చట్టం మీద సంతకం పెట్టాడు. కార్ల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌నీ, హైడ్రోకార్బన్లనీ 90 శాతం తగ్గించమంది ఆ చట్టం. గడువులు వెనక్కి జరిగాయి కానీ దిశ మారలేదు. ఇంజిన్ అడుగున పేరుకునే వాయువుల్ని మళ్లీ లోపలికి లాగే పీసీవీ వాల్వ్ 1960ల్లోనే వచ్చేసింది. 1970ల్లో పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వచ్చింది. వీటిలో చాలావాటిని నడిపేది ఇంజిన్ పీల్చే శక్తే, అంటే వాక్యూమ్. దానికోసం సన్నటి రబ్బరు పైపులు.

ఊరి గాలి శుభ్రపడింది. బానెట్ కింద మాత్రం రబ్బరు పైపుల అడవి పెరిగింది. ముప్పై ఏళ్లు వేడికి ఉడికిన రబ్బరు పగులుతుంది. పగిలిన ప్రతిచోటా ఎవరూ పిలవని గాలి లోపలికి వస్తుంది. పాత పికప్ ఐడిల్ జబ్బుల్లో చాలావాటికి పుట్టిల్లు ఇదే.

ఆ తర్వాత అధికారం కంప్యూటర్‌కి వెళ్లింది. పొగను బాగా శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ఒక పట్టుదల ఉంది. ఒక పాలు పెట్రోల్‌కి దాదాపు 14.7 పాళ్ల గాలి, బరువు లెక్కన, కచ్చితంగా ఉండాలి. స్క్రూ తిప్పి ఇది సాధించలేం. అందుకే బాష్ కంపెనీ ఆక్సిజన్ సెన్సర్ 1977 మోడల్ వోల్వో కార్లలో అమెరికా వచ్చింది. 1980ల్లో కార్లు వరసగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. పికప్‌లు మాత్రం నెమ్మదిగా కదిలాయి, ఎందుకంటే పని బండ్లని వాటికి నిబంధనలు కాస్త సడలించి ఉంచారు. అమెరికాలో కార్బురేటర్‌తో అమ్మిన చివరి బండిగా చెప్పుకునేది కూడా 1994 ఇసుజు పికప్పే.

నా బండి సరిగ్గా ఈ సంధికాలంలో పుట్టింది. పెట్రోల్ లెక్క కంప్యూటర్ చేతిలో పెట్టారు. కానీ చలిలో ఇంజిన్‌కి ఇవ్వాల్సిన అదనపు గాలిని మాత్రం మైనానికి వదిలేశారు. అవును, మైనమే. చిన్న గొట్టంలో మైనం ఉంటుంది. దాని చుట్టూ ఇంజిన్ నీళ్లు తిరుగుతాయి. నీళ్లు చల్లగా ఉంటే మైనం ముడుచుకుని గాలి దారి తెరిచి ఉంటుంది. వేడెక్కితే మైనం ఉబ్బి దారి మూసేస్తుంది. 1930ల్లో సెర్జియస్ వెర్నెట్ అనే ఆయన మైనంతో చేసిన థర్మోస్టాట్ ఉంది చూశారా, అదే సూత్రం. దీనికి వైరు లేదు, సెన్సర్ లేదు. కాబట్టి ఇది చెడిపోతే కంప్యూటర్‌కి తెలియదు. కోడ్ చూపించదు. మన భాషలో చెప్పాలంటే లాగ్ ఫైల్ ఖాళీ.

పక్కింట్లో రిటైరైన మెకానిక్ ఒక తాత ఉండేవారు. నా గోల అంతా విని ఒకే ప్రశ్న అడిగారు. "రేడియేటర్ మూత తీసి చూశావా?"

ఐడిల్ గోలకి రేడియేటర్‌తో ఏం పని అనుకున్నా. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీశాం. నీళ్లు కనిపించలేదు. పై హోస్ బిగించే చోట సన్నటి లీక్. ఇంజిన్ వేడికి అక్కడికక్కడే ఆవిరైపోతోంది కాబట్టి కింద మరక కూడా పడలేదు.

ఇప్పుడు ముడులన్నీ విడిపోయాయి. మైనం ఉన్న గొట్టం పైన ఉంటుంది. నీళ్లు తగ్గితే ముందు ఎండిపోయేది అదే. మైనం "ఇంకా చలిగానే ఉంది" అనుకుని గాలి దారి తెరిచే ఉంచింది. ఆర్‌పీఎం లేచింది. కింద ఉన్న సెన్సర్‌కి నీళ్లు తగులుతున్నాయి కాబట్టి కంప్యూటర్ "ఇంజిన్ వేడిగా ఉంది, కాలు తీసేశాడు, అయినా 2,000 ఆర్‌పీఎం ఉంది, అంటే బండి పల్లంలో దిగుతోంది" అనుకుని పెట్రోల్ ఆపేసింది. ఆర్‌పీఎం పడింది. పడగానే మళ్లీ పెట్రోల్ ఇచ్చింది. మళ్లీ లేచింది. ఆ ఊగడం ఇదే. రెండు తరాల యంత్రాలు ఒకే ఇంజిన్‌లో చెరో లెక్క వేసుకున్నాయి. ఎవరి లెక్క ప్రకారం వాళ్లే కరెక్ట్!

హోస్ మార్చి, నీళ్లు నింపి, లోపలి గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడిపాం. స్క్రూ మళ్లీ పాత చోటికి తిప్పాం. ఐడిల్ నిలబడింది. నేను ఆ స్క్రూతోనే సరిపెట్టుకుని ఉంటే, టెక్సాస్ ఎండలో ఏదో ఒక రోజు ఇంజిన్ ఉడికిపోయేది. నేను జబ్బు అనుకున్నది నిజానికి హెచ్చరిక.

పాత బండి మీ చేతికొస్తే ఈ వరసలో వెళ్లండి. చల్లటి ఇంజిన్‌లో నీళ్లు చూడండి. వేడి ఇంజిన్ మూత ఎప్పుడూ తీయొద్దు. థ్రాటిల్ కేబుల్ బిగుసుకుపోయిందేమో చూడండి. తర్వాత చెవి పెట్టి "స్స్" శబ్దం వెతకండి. పీసీవీ పైపునీ, మిగతా సన్న పైపుల్నీ ఒక్కొక్కటిగా నొక్కండి. ఏది నొక్కితే ఆర్‌పీఎం పడిపోతుందో దొంగగాలి ఆ దారిలోనే వస్తోంది. బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే లావు హోస్‌ని మాత్రం ప్రత్యేకంగా చూడండి. అది పగిలితే ఐడిల్ ఒక్కటే కాదు, బ్రేక్ పట్టు కూడా తగ్గుతుంది. సెన్సర్లు కొనడం చివర్లో.

1996 మోడల్ నుంచి అమెరికా కార్లు, చిన్న ట్రక్కులన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి అయింది. ఇప్పుడు పీ0507 అనే కోడ్ వస్తుంది. దాని అర్థం ఐడిల్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందని. ఆ ముక్క మన చెవులకి ముందే తెలుసు కదా! ఎందుకు ఉందో మాత్రం కోడ్ చెప్పదు.

మన దగ్గర ఇదే మలుపు 2020 ఏప్రిల్‌లో బీఎస్-6తో వచ్చింది. కొత్త బైకుల్లో చాలావాటిలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఇంకో పాతికేళ్లకి ఆ బండి ఎవరో ఒక కుర్రాడి చేతిలో ఇలాగే ఊగుతుంది. అప్పుడు వాడికి స్కానర్ ఒక్కటే సరిపోదు. "రేడియేటర్ మూత తీసి చూశావా" అని అడిగే తాత కూడా కావాలి.